పేషెంటు ఒక్కరే ఉండాలట

పేషెంటు ఒక్కరే ఉండాలట. మేం నలుగురం వచ్చాం. నా కొడుకు, వాడి పక్కన మనవరాలు, దాని పక్కన కోడలు, ఆ పక్కన నేను, ఈ హాల్లో ఒకదానికొకటి బోల్టులు బిగించిన ప్లాస్టిక్ కుర్చీల్లో వరసగా కూర్చున్నాం. ఒకరు కదిలితే నలుగురం ఊగుతున్నాం. కొడుకు మోకాలు ఆడిస్తున్నాడు, ఆ ఊపు కుర్చీల కింది కమ్మీ వెంట పాక్కుంటూ వచ్చి నా నడుముకి తగులుతోంది, ఆపరా అనబోయి ఊరుకున్నాను, ఎందుకంటే మా ఇంట్లో ఒకరి కదలిక ఇంకొకరికి తెలిసేది ఇప్పుడు ఇలాగే. మీ ఇంట్లో మాటలు చచ్చిపోయాయి, అందరూ కలిసి వెళ్ళి ఆ డాక్టరమ్మ ముందు కూర్చోండి, ఆవిడ మందులివ్వదు, మాట్లాడిస్తుంది అని బడిలో టీచరమ్మ చెబితే వచ్చాం. కుటుంబ వైద్యం అంటారట దీన్ని. కుటుంబానికి వైద్యం ఉంది గానీ ఇన్సూరెన్సు వాళ్ళ దృష్టిలో కుటుంబానికి జబ్బు రాదు. జబ్బు మనిషికే రావాలి. ఆ మనిషికి ఒక పేరు, ఆ జబ్బుకి ఒక పేరు ఉండాలి, ఈ పేరుని ఆ పేరుకి తగిలించాక మిగతా ముగ్గురూ కూడా లోపలికి వెళ్ళి కూర్చోవచ్చు, మంచం పక్కన ఫ్లాస్కు పట్టుకుని కూర్చునేవాళ్ళలాగా. అందుకని మావాళ్ళు ఒక మనిషిని తేల్చారు. ఇంకో గంటలోపు ఇన్సూరెన్సు వాళ్ళు ఫోన్ చేస్తారు. తేల్చిన మనిషి తన నోటితో తాను అవును అనాలి, ఆ గొంతు రికార్డవ్వాలి, అప్పుడు లోపలి తలుపు తీస్తారు. తేల్చిన మనిషి నా మనవరాలు. పదహారేళ్ళది. ఇంట్లో నోరు విప్పి నెలలవుతోంది.

ఈ హాల్లో ఏదో పూల వాసన కొట్టిస్తున్నారు, గోడకున్న డబ్బా ఉండుండి బుస్సుమంటుంది, ఆ వాసన కింద ఇంకో వాసన ఉంది, తడి గుడ్డ మూలన పడేస్తే వచ్చే వాసన. బల్ల మీద గుడ్డపూలు, వాటి మీద దుమ్ము, ఎవరో చిన్నపిల్లలు నమిలి తుపుక్కున ఊసినట్టు ఒక రేకు అంచు నలిగిపోయి ఉంది. మంచినీళ్ళ డబ్బా కింద పళ్ళెంలో పాత నీళ్ళు పచ్చగా నిలిచాయి. పక్కనే ముక్కు తుడుచుకునే కాగితాల పెట్టె, దాని కింద బుట్టలో వాడి పడేసిన ఉండలు, మా ముందు లోపలికి వెళ్ళొచ్చినవాళ్ళవి. వాటిని చూసి నాకేం కాలేదు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికేచోట నా వయసంతా గడిచిపోయింది, ముద్దలు ముద్దలుగా మూటలు వచ్చేవి, ఏ మూట విప్పితే ఏముంటుందో తెలియదు, అయినా నేను ముక్కు చిట్లించిన దాన్ని కాదు. అది మనిషి ఒంట్లోంచి వచ్చింది, కావాలని చేసింది కాదు, మరిగే నీళ్ళలో వేస్తే పోతుంది. నిన్న సాయంత్రం మా అన్నాల బల్ల దగ్గర చూసింది ఏ నీళ్ళలో వేస్తే పోతుంది. పొద్దున కాఫీ కూడా సగంలో పారబోశాను.

నిన్న ఈ కౌంటరు దగ్గరి అమ్మాయే ఫోన్ చేసింది. ఇప్పుడు అద్దం వెనకాల కూర్చుని గోళ్ళు చూసుకుంటోందే, ఆ అమ్మాయే. పాపం మంచిగానే చెప్పింది. ఫోన్ బల్ల మధ్యలో పెట్టి గొంతు పెద్దది చేశారు. పేషెంటుగా ఎవరి పేరు రాయమంటారు అని అడిగింది. నా పేరు రాసుకోమ్మా, నేనే అన్నిటికీ పెద్దదాన్ని అన్నాను. మామ్మగారూ, మీ వయసుకి ఈ పాలసీలో ఇలాంటి వైద్యానికి కవరేజీ లేదండీ అంది. కవరేజీ లేని మనిషిని. అంటే నాకు పిచ్చెక్కి వీధిలో చీర చింపుకున్నా అది ఖాతాలోకి రాదు. సరే, నా సంగతి తీరింది. నా కొడుకు గొంతు సవరించుకున్నాడు. వాడు క్రేన్ నడుపుతాడు, మేడల మీద మేడలు కడుతుంటే ఆ పైన గూటిలో ఒక్కడూ కూర్చుని ఇనుప దూలాలు ఎత్తి దించుతాడు. కింద వందమంది నెత్తిన దూలం ఊగుతుంటే, మెదడుకి జబ్బున్నవాణ్ణి పైకి ఎక్కనిస్తారా, ఆ రోజే దింపేస్తారు అన్నాడు, ఫోనుకి చెప్పాడు. అది నిజమే. కోడలు కూడా ఫోనుకే చెప్పింది. ఆమె ఉద్యోగాలకి వెళ్ళే తల్లుల పిల్లల్ని చూసుకునే చోట పనిచేస్తుంది, పాలు పట్టడం, పక్కలు మార్చడం, ఏడిస్తే భుజాన వేసుకోవడం. ఫలానా ఆవిడకి మానసిక జబ్బని కాగితం ఉందంటే ఏ తల్లి పిల్లని చేతికిస్తుంది, రేపట్నుంచి రావద్దంటారు అంది. అదీ నిజమే. అన్నీ నిజాలే. మరి ఎవరి పేరండీ అంది ఫోనులో ఆ అమ్మాయి. అప్పుడు ఇద్దరి తలలూ ఒక్కసారే తిరిగాయి. ఎన్నాళ్ళుగానో ఒకరి ముఖం ఒకరు చూడని మొగుడూ పెళ్ళాలు, ఎవరో తాడు కట్టి లాగినట్టు ఒక్కసారే అటు తిరిగారు. అక్కడ అది పెరుగన్నం కలుపుకుంటోంది. దానికి పోవడానికి ఉద్యోగం లేదు కదా. ఎవరు ముందు అన్నారో కూడా నాకు గుర్తులేదు, ఇద్దరూ కలిసే అన్నారేమో. పిల్ల పేరు రాసుకోండి. దీని పెళ్ళి మాటో, చదువు మాటో, రేపు ఎక్కడో ఎవరో పాత కాగితాలు తిరగేసి నీకు చిన్నప్పుడు ఇలా ఉండేదట కదా అని అడిగే మాటో, ఏదీ ఎవరి నోటా రాలేదు. అది తల ఎత్తి వాళ్ళని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ కలుపుకుంది. ఒక ఇంట్లో ఒకే కూర, ఒకే దీపం, ఒకే స్నానాల గది, ఇన్నాళ్ళకి ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారని సంతోషించాలో ఏమిటో, ఆ మాట ఇది.

దాన్ని పిచ్చుక అని పిలిచేది వాళ్ళ తాత. కిచకిచమని ఒకటే మాటలు. పడుకోబెడితే నిద్రలో కూడా మాట్లాడేది. చీపురు పుల్లతో నేల మీద రాసి నాకు అక్షరాలు నేర్పింది కూడా అదే, తప్పు రాస్తే నా చేతి మీద చిన్న దెబ్బ వేసి నానమ్మా, కొమ్ము ఇటు కాదు అనేది. ఇప్పుడు ఎదురుగా ఏది కనిపిస్తే అది చదవకుండా ఉండలేను, ఈ గోడ మీద ఒక బొమ్మ, ఆడా మగా పిల్లాడూ పళ్ళు కనిపించేలా నవ్వుతున్నారు, కింద మాట్లాడితే మనసు తేలిక అని రాసుంది. ఎవరు మాట్లాడితే, ఎవరి మనసు. మూడేళ్ళు ఆ పిల్ల ఒక్కతే మాట్లాడింది మా ఇంట్లో అందరి తరఫునా. మీ అమ్మకి చెప్పు, గ్యాస్ అయిపోయిందని. మీ నాన్నని అడుగు, రాత్రి డ్యూటీనా పగలా అని. మీ అమ్మకి చెప్పు, నా చొక్కాలు వేరే తీగ మీద ఆరేయమని. మీ నాన్నకి చెప్పు, ఆయనకి అంత నామర్దాగా ఉంటే ఆయన చొక్కాలు ఆయన్నే ఉతుక్కోమని. మధ్యలో నిలబడి అటు తిరిగి చెప్పేది, ఇటు తిరిగి చెప్పేది, మొదట్లో చెబుతూ చెబుతూ కాస్త తీపి కలిపేది, అమ్మ నిన్ను తినమంది నాన్నా అని, అమ్మ అనలేదని నాకు తెలుసు. తర్వాత తీపి కలపడం మానేసింది. తర్వాత వాళ్ళన్నది అన్నట్టు, అదే గొంతుతో, అదే విసురుతో అప్పజెప్పేది. వాళ్ళ నాన్నలాగా గొంతు బొంగురు చేసి వాళ్ళ అమ్మ ముఖం మీదే అనేది. వానలు మొదలు కాకముందు ఒకరోజు, మీ అమ్మకి చెప్పు అని వీడు మొదలుపెట్టాడు, అది నిలబడి వింది, తిరిగింది, కోడలి ముందుకు వెళ్ళింది, నోరు తెరిచింది, మూసుకుంది, గదిలోకి వెళ్ళిపోయింది. అంతే. బడిలో మాట్లాడుతుందట, స్నేహితురాళ్ళతో నవ్వుతుందట, పాఠం చదవమంటే గడగడా చదువుతుందట. ఇంటి గడప దాటి లోపలికి వస్తే లేదు. దానికి ఒంట్లో బాగాలేదని వీళ్ళు అంటున్నారు. మోసి మోసి భుజం కాయకట్టినవాడు బరువు కింద దించితే వాణ్ణి పట్టుకుని నీ భుజానికి ఏదో రోగం అంటే ఎలా ఉంటుంది.

వాళ్ళ తాత ఉన్న రోజుల్లో ఇదే ఇన్సూరెన్సు కార్డు మీద ఆయన కాలికి వైద్యం జరిగింది. మెట్ల మీంచి జారితే ఎముక విరిగింది. బొమ్మ తీశారు, నల్లటి అట్ట మీద తెల్లగా, మొక్కజొన్న కాడ విరిచినట్టు. ఇన్సూరెన్సు వాళ్ళు ఒక్క ప్రశ్న అడగలేదు. మంచం, కట్టు, కర్ర, అన్నీ ఇచ్చారు. ఆ మనిషి వాళ్ళని కూడా తిట్టాడు, ఆయనకి తిట్టని మనిషి లేడు, పొద్దున లేస్తే కాకుల్ని తిట్టేవాడు, నన్ను తిట్టేవాడు, నేను తిరిగి తిట్టేదాన్ని, పక్కింటివాళ్ళు కిటికీ మూసుకునేవాళ్ళు. ఆ రోత వేరు. అది వీధిలో పారే మురుగు, కంటికి కనిపిస్తుంది, దాటి వెళ్తాం. మా వాడు ఆ అరుపుల్లో పెరిగి పెద్దయ్యాక నోరు కుట్టేసుకున్నాడు, నేను నాన్నలాగా అరవనమ్మా అనేవాడు, ఎంత మంచివాడో అని నేను మురిసిపోయాను. మూతపెట్టిన తొట్టి లోపల ఏం పేరుకుంటుందో చూడకుండానే మురిసిపోయాను. విరిగిన ఎముకకి బొమ్మ ఉంది. వాడికీ పెళ్ళానికీ మధ్య విరిగినదానికి ఏ బొమ్మ తీస్తారు. తీస్తే ఎక్కడ విరిగిందో నేను చూపించగలను. స్నానాల గది తలుపు దగ్గర.

ఆ రోజు నేనూ పిచ్చుకా ఇంట్లో ఉన్నాం. కోడలికి అయిదో నెల. మగపిల్లాడని లోపల్లోపల అందరికీ ఏదో నమ్మకం, పైకి ఎవరూ అనలేదు. స్నానాల గదిలోంచి నన్ను పిలిచింది, అత్తయ్యా అని, గట్టిగా కూడా కాదు, సబ్బు అందించమన్నట్టు పిలిచింది. నేను వెళ్ళేసరికి నేలంతా. నేను ఆమెని పట్టుకుని కూర్చున్నాను, నాన్నకి ఫోన్ చెయ్యవే అని పిచ్చుకని కేకేశాను. అది ఫోన్ చెవికి పెట్టుకుని హాల్లో అటూ ఇటూ తిరుగుతోంది, ఎత్తడం లేదు నానమ్మా, ఎత్తడం లేదు, మళ్ళీ చేస్తాను, మళ్ళీ చేస్తాను. పైకి ఎక్కేవాళ్ళ ఫోన్లు కింద పెట్టెలో పెట్టి తాళం వేస్తారట, గూటిలోకి తీసుకెళ్ళనివ్వరట, అది అక్కడి పద్ధతి. దిగేసరికి సాయంత్రమైంది. ఆసుపత్రికి వాడు వచ్చేసరికి చేయాల్సినవన్నీ చేసేశారు, నేను ఏళ్ళ తరబడి ఉతికిన దుప్పట్లలాంటి దుప్పటి ఒకటి ఆమె కింద నుంచి తీసుకుపోయారు, ఎవరో విప్పి ఉంటారు ఆ మూటని. వాడు మంచం పక్కన నిలబడి ఫోన్ పెట్టెలో ఉంది అన్నాడు. మొదటి మాట అదే. ఫోన్ పెట్టెలో ఉంది. కోడలు ముఖం గోడకి తిప్పుకుంది. వాడు ఇంకోలా చెప్పి ఉంటే, లేదా ఊరికే ఏడ్చి ఉంటే, ఏమో. వాడు తప్పు చేయలేదు, తప్పు చేయలేదని చెప్పుకోవడమే ముందు తోచింది వాడికి. ఆ గోడకి తిప్పిన ముఖం ఈరోజు వరకూ ఇటు తిరగలేదు. ఇంటికి వచ్చిన రోజు వాడు గుమ్మంలో నిలబడి, మీ అమ్మని జావ తాగమని చెప్పు అన్నాడు పిచ్చుకతో. అప్పట్నుంచి అదే రివాజు అయిపోయింది. ఇన్సూరెన్సు వాళ్ళు ఆ ఆసుపత్రికి కూడా మారుమాట లేకుండా ఇచ్చేశారు. రక్తం ఉంది కదా, కనిపించింది కదా.

గోడ మీద డబ్బా మళ్ళీ బుస్సుమంది. ఫోన్ ఇంకా మోగలేదు. కోడలు పిల్ల జుట్టు సవరిస్తోంది. ఎన్నాళ్ళయింది ఆ తల మీద ఆ చెయ్యి పడి. ఇప్పుడు పడింది.

"నా బంగారం కదూ, ఒక్క మాట. వాళ్ళు అడుగుతారు, నువ్వు అవును అను, చాలు. ఇంకేం అనక్కర్లేదు."

"ఊఁ అన్నా సరిపోతుందేమో కనుక్కుంటానమ్మా," అన్నాడు నా కొడుకు, కూతురితోనే.

"వాళ్ళకి అవును అనే వినపడాలట. మీ నాన్నకి చెప్పు."

చూశారా, ఇప్పుడు కూడా. దాన్ని బతిమాలుతూ బతిమాలుతూనే దాని చేతే మాట మోయిస్తోంది. తాను ఏమందో తనకే తెలియదు. పిచ్చుక చెప్పుల్లోంచి కనిపించే తన కాలివేళ్ళు చూసుకుంటోంది. నాకు నవ్వొచ్చింది, నవ్వు గొంతులోకి వచ్చేసరికి పులిసిపోయింది. ఇన్ని నెలల్లో ఒక్కరైనా దాని పక్కన కూర్చుని ఏమయింది తల్లీ, ఎందుకు మాట్లాడవు అని ఇలా తల నిమిరారా. లేదు. మొండితనం అన్నారు, పెడసరం అన్నారు, వయసు పొగరు అన్నారు. ఇప్పుడు గొంతు కావాల్సి వచ్చింది, దాని కోసం కాదు, ఆ ఫోను లోపల ఎక్కడో రికార్డు అవ్వడం కోసం. ఎదురు వరసలో ఒక పెద్దమనిషి పేపరు అడ్డం పెట్టుకుని మమ్మల్నే వింటున్నాడు. కౌంటరు అమ్మాయి అద్దం కన్నంలోంచి, ఫోన్ వచ్చిందా అండీ, డాక్టరుగారు ఖాళీ అవుతున్నారు అంది. రాలేదండీ అన్నాడు నా కొడుకు, తప్పు చేసినవాడిలా నవ్వి. వాడి నవ్వు చూడబుద్ధి కాలేదు. నేను కడుపున మోసిన పిల్లాడి నవ్వు అది, అయినా నాకు తల తిప్పుకోవాలనిపించింది. ఒరేయ్, వద్దురా, లేవండి, పోదాం పదండి అన్నాను. ఎక్కడికమ్మా పోయేది, ఇంటికా అన్నాడు.

ఫోన్ మోగింది. వాడి చేతిలో మోగింది, చెయ్యి కాలినట్టు దాన్ని కూతురి ఒళ్ళో పెట్టాడు. గొంతు పెద్దది చేశాడు. ఆడమనిషి గొంతు, నున్నగా, నూనె రాసిన గిన్నెలా ఉంది. ఈ కాల్ రికార్డు అవుతోందండీ, పేషెంటుగారు లైన్లో ఉన్నారా అంది. ఉన్నారు ఉన్నారు అన్నాడు వాడు. పదహారేళ్ళు నిండాయి కాబట్టి పేషెంటుగారే స్వయంగా చెప్పాలండీ, మీ పేరు చెప్పండి అంది. పిచ్చుక ఒళ్ళో ఫోన్, పిచ్చుక కళ్ళు ఫోను మీద. వాడి మోకాలు ఆగింది. కుర్చీలన్నీ కదలకుండా నిలిచాయి. హలో అంది ఆ గొంతు. అప్పుడు నా కోడలు ఫోన్ అందుకుంది. అందుకుని, గొంతు సన్నం చేసి, ముక్కులోంచి, చిన్నపిల్ల మాట్లాడినట్టు కూతురి పేరు చెప్పింది.

నాకు అర్థమవడానికి కాస్త సేపు పట్టింది. వాడు వెంటనే అర్థం చేసుకున్నాడు. తల ఊపాడు కూడా, కానివ్వు అన్నట్టు. పిల్ల వాళ్ళిద్దరి మధ్యే కూర్చుని ఉంది, దాని గొంతుని దాని కళ్ళెదుటే వాళ్ళమ్మ వాడుతోంది, ఎవరి బ్రష్షుతోనో పళ్ళు తోముకున్నట్టు. నేను ఆసుపత్రి మూటల్లో ఎన్నో చూశాను గానీ ఇలాంటిది చూడలేదు. లేచి ఆ ఫోన్ లాక్కోవాలనుకున్నాను. కుర్చీ అంచు పట్టుకున్నాను, లేవలేదు.

"ఈ మధ్య దిగులుగా ఉంటోందా అండీ?"

"ఉంటోంది."

"ఎక్కువ రోజులా, అప్పుడప్పుడా?"

"రోజూ."

"రాత్రిళ్ళు నిద్ర పడుతోందా?"

"పట్టదు." అక్కడికి ఆపి ఉంటే సరిపోయేది. ఆ గొంతు తరవాతి ప్రశ్నకి సిద్ధమవుతుంటే కోడలు మళ్ళీ అంది, "కళ్ళు మూసుకుంటే ఫోన్ మోగుతున్నట్టుంటుంది. లేచి చూస్తాను. ఏమీ ఉండదు. తెల్లారేదాకా గోడవైపు తిరిగి పడుకుంటాను."

"సరేనండీ. ఇంట్లో మనసు విప్పి మాట్లాడటానికి ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారు. మాట్లాడరు."

"ఉన్నారు, లేరు, రెండిట్లో ఒకటి చెప్పాలండీ."

"లేరు."

సన్న గొంతు ఎక్కడ జారిపోయిందో నేను చెప్పలేను. జారిపోయింది. ఇప్పుడు మాట్లాడుతున్నది నా కోడలి గొంతే, ఇంట్లో ఎవరికీ వినపడని గొంతు, లోపల అడుగున ఉండేది. వాడు తల ఊపడం మానేశాడు. పేపరు పెద్దమనిషి పేపరు దించేశాడు. ఎంత అసహ్యంగా ఉందంటే, పెద్దమనుషుల ముందు ఒంటి మీద బట్ట జారిపోతున్నట్టుంది, జారిపోతున్నవాళ్ళకే తెలియడం లేదు. ఆ నున్నటి గొంతు మాత్రం ఎక్కడా తడబడలేదు.

"దగ్గరివాళ్ళు ఎవరైనా పోయారా అండీ, ఈ మధ్య?"

"పోయారు."

"వారి పేరు?"

"పెట్టలేదు."

"పేరు లేకపోతే ఇక్కడ ఎక్కించడం కుదరదండీ, ఖాళీగా వదిలేస్తున్నాను. పేషెంటుకి ఏమవుతారు?"

"కొడుకు," అంది నా కోడలు.

అటువైపు టకటకమని కొడుతున్న మీటల చప్పుడు ఆగింది. కాసేపటికి, మీ వయసు పదహారని ఉందండీ ఇక్కడ అంది ఆ గొంతు. నా కోడలు ఫోన్ వంక చూస్తోంది, అది ఎవరి చేతిలో ఉందో, తాను ఎక్కడ కూర్చుందో కొత్తగా తెలిసినట్టు. నోరు తెరుచుకునే ఉంది. వాడు చెయ్యి చాచాడు, ఫోన్ కట్ చేయడానికో దేనికో. పిచ్చుక ముందుకు వంగింది. ఫోను మీదికి వంగి, ఇంట్లో ఇన్ని నెలలు వాడని గొంతుతో, చక్కగా, బడిలో పాఠం చదివినట్టు మాట్లాడింది.

"మీతో మాట్లాడింది మా అమ్మండీ. నేను కాదు. ఇప్పటిదాకా చెప్పినవన్నీ మా అమ్మవే. నావి ఒక్కటి కూడా లేవు."

నా పక్కన కోడలి ఒళ్ళు ఒక్కసారి కదిలి ఆగిపోయింది. దాన్ని మెచ్చుకోవాలో, అమ్మని అలా నలుగురిలో పట్టిచ్చినందుకు కసరాలో నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. అది కోపంగా అనలేదు. జాలిగా కూడా అనలేదు. ఎవరి వస్తువు వాళ్ళకి ఇచ్చేసినట్టు అంది.

"అయితే పేషెంటు ఎవరండీ?" అంది ఆ గొంతు. రెండోసారి కూడా అడిగింది. "పేషెంటు కాని మనిషి సమాధానాలు చెప్పారు కాబట్టి ఈ అనుమతి ఆపేస్తున్నామండీ. పేషెంటు ఎవరో మీలో మీరు తేల్చుకుని మళ్ళీ ఫోన్ చేయండి. మీ రోజు శుభంగా గడవాలి." కట్ అయింది. కౌంటరు అమ్మాయి అద్దం కన్నంలోంచి తల పెట్టి చూసింది, చూసి వెనక్కి తీసుకుంది. పేపరు పెద్దమనిషి పేపరు మళ్ళీ ఎత్తుకున్నాడు, తలకిందులుగా ఎత్తుకున్నాడో సరిగానే ఎత్తుకున్నాడో నేను చూడలేదు. మీలో మీరు. ఆ మాటకి నాకు కాండ్రించి ఉమ్మాలనిపించింది. ఆ పచ్చ నీళ్ళ పళ్ళెంలో ఉమ్మినా తప్పులేదనిపించింది. కొడుకు పోయాడని, అయిదో నెలలోనే పోగొట్టుకున్న ఆ తల్లి ఇంతవరకూ ఏ మనిషితోనూ అనలేదు, నాతో అనలేదు, కట్టుకున్నవాడితో అనలేదు, ముక్కూ ముఖం తెలియని ఇన్సూరెన్సు మనిషితో కూతురి పేరు మీద అంది, ఆ మనిషి దాన్ని ఖాళీగా వదిలేసింది. అందరం విన్నాం. వినడానికి మాకు ఇంత దొంగతనం కావాల్సి వచ్చింది.

నా కొడుకు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నిద్ర పట్టదా," అన్నాడు.

అడిగింది పెళ్ళాన్ని. చూసింది కూతుర్ని. వాడి కళ్ళు అలవాటు కొద్దీ పిచ్చుక ముఖం మీద ఆగాయి, అది తీసుకెళ్ళి అటు చెబుతుందన్నట్టు. పిచ్చుక వాడి ముఖంలోకి చూసింది. లేచింది. కుర్చీలన్నీ ఊగాయి. వాళ్ళమ్మ మోకాళ్ళు తప్పించుకుని, నా మోకాళ్ళు తప్పించుకుని వచ్చి నాకు అవతల, గోడపక్క కుర్చీలో కూర్చుంది, కాళ్ళు పైకి పెట్టుకుంది. వాళ్ళిద్దరి మధ్యా ఉత్త కుర్చీ మిగిలింది. ఎంతమంది కూర్చుని లేచారో, దాని నడుమ భాగం అరిగి నల్లగా జిడ్డు పట్టి ఉంది. వాడు దాన్ని చూశాడు. చూపు పెట్టుకోవడానికి అక్కడ ఏమీ లేదు. దాని మీంచి చూపు మెల్లగా అటు వెళ్ళింది.

"నీకు," అన్నాడు, "నిద్ర పట్టదా నీకు?"

"ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడు అడగమని మిమ్మల్ని ఎవరేడ్చారు?" అంది కోడలు.

వాడితోనే అంది.